ఆరు కునుకుల సంసారం

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: నిద్రపోడు. తాగడు, పేకాడడు, ఇంకో ఇంటి వైపు కన్నెత్తి చూడడు. అవన్నీ చేసే మొగుళ్ళు కూడా రాత్రయితే గుర్రుపెట్టి పెళ్ళాలకు కాస్త విశ్రాంతి ఇస్తారని విన్నాను.

మా ఆయన వాజిద్ టైలరు. ఆదోనిలో మా ఇంటి ముందుగదే ఆయన కొట్టు. రంజాన్ నెలంతా పండగ బట్టల ఒత్తిడి. తెల్లారకముందే సహరీ భోజనానికి లేచేవాడు. తెల్లవారుజాము ఫజర్ నమాజు తర్వాత కాసేపు, మధ్యాహ్నం కాసేపు, రాత్రి తరావీ నమాజు అయ్యాక కాసేపు, అలా ముక్కలు ముక్కలుగా పడుకుని నెల నెట్టుకొచ్చాడు. పండగ అయిన మూడో రోజు ఫోనులో ఏదో వీడియో చూసి వంటింట్లోకి వచ్చాడు.

"అఫ్సానా, నాలుగ్గంటలకోసారి ఇరవై నిమిషాలు పండుకుంటే సాలంట. దినానికి రెండు గంటలే నిద్ర! మనం రంజాన్‌లో చేసింది అదే కదా? తెలీకుండానే చేసినాం!"

"రంజాన్‌కు నెల తిరిగితే పండగొస్తది. దీనికెప్పుడొస్తదో?"

"ఇరవై ఒక్క దినాలు. అంతే. ఒళ్ళు అలవాటు పడిపోతది."

పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది, మళ్ళీ రెండు. ఇవీ ఆయన కునుకుల వేళలు. అలారం మోగితే నిద్రలోనే చెయ్యి చాపి నొక్కేస్తాడు గనక లేపే పని నాకు పడింది. ఇరవై నిమిషాలు దాటితే గాఢనిద్రలోకి జారిపోతాడట, మొత్తం సాధన పాడైపోతుందట. అందుకని ఆయన పడుకున్నంత సేపూ నేను గడియారం ముందు కూర్చోవాలి. ఆయన మేలుకున్నంత సేపూ, నడిరాత్రి కూడా, మిషను చప్పుడుకు నాకు కన్ను మూతపడదు. రంజాన్‌లో ఊరంతా మేలుకుని ఒకరినొకరు లేపుకుంటారు. ఇప్పుడు ఈయనకు ఊరంతా నేనొక్కదాన్నే.

మా అత్త జొహరాబీకి ఇందులో కష్టమేమీ కనిపించలేదు. "మొగుణ్ణి లేపేదానికి గూడా మూతి ముడుసుకుంటే ఎట్ల బేటీ?"

"ఒక్క పూట మీరు లేపండి అమ్మీ."

"జోకొట్టి పండబెట్టిన చేతులమ్మా ఇవి. వీటితో ఎట్ల లేపేది?"

అప్పట్నుంచీ నాలుగు గంటల్లోపు వెళ్ళి రాగలిగినంత మేరే నా లోకమయింది. కూరగాయల బజారు అందులో ఉంది. పిండిమర ఉంది. స్నానం కూడా ఉంది, త్వరగా ముగిస్తే. ఎవరైనా ఇంటికి వస్తే కూర్చోమని చెప్పేముందు గోడ గడియారం వైపు చూసేదాన్ని.

పదో రోజున ఎమ్మిగనూరు నుంచి ఫోను. అక్కడి ఒక ప్రైవేటు బడికి దరఖాస్తు పెట్టి రెండు నెలలయింది. బీఎస్సీ, బీఎడ్ చేసి, పెళ్ళయి ఎనిమిదేళ్ళు బీరువాలో పెట్టిన సర్టిఫికెట్లవి. హెడ్మిస్ట్రెస్ రేణుక మేడం శనివారం పదిన్నరకు రమ్మంది. ఏడో తరగతి పిల్లలకు భిన్నాల పాఠం చెప్పి చూపించాలి. ముక్కలు చేయడం గురించి ఆ వారం నాకంటే బాగా చెప్పగలిగినవాళ్ళు జిల్లాలో ఉండరనుకున్నాను.

"పది గంటలకు నన్నెవరు లేపేది?" అన్నాడు వాజిద్. "ఇంక పదకొండు దినాలే కదా. అది అయినాక వస్తానని సెప్పు ఆ మేడంకు."

"ఆమె మీ మాదిరి నాలుగ్గంటలకోసారి బడి తెరవదు."

నవ్వాడు. కానీ పొమ్మనలేదు.

గురువారం సాయంత్రం ఆరుకు పడుకుని, ఆరూ ఇరవైకి నేను లేపితే లేచి, పొద్దుగూకే వేళ చేసే మగ్రిబ్ నమాజుకు మసీదుకు పోయాడు. కాసేపటికి పక్కింటి ఖలందర్ చాచా ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

"ఏమాయ చాచా?"

"ఏమైతదమ్మా! మగ్రిబ్ మూడు రకాత్‌లు కదా. మేమంతా మూడోదానికి లేస్తే ఈయప్ప రెండుకే సలాం తిప్పి నమాజు ముగించి, వరస దాటుకుని బయటికి పోయినాడు. రెండు రకాత్‌ల ఫజర్ అనుకున్నాడంట! నేనొచ్చేసరికి చెప్పుల కాడ నిలబడి ఆకాశం చూస్తాండాడు. 'చాచా, ఈ పొద్దు తెల్లారే కొద్దీ సీకటి పడతాందేంది?' అంటాడు."

మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను వంటింట్లోకి పోయి నవ్వాను. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటుంటే, పాలగిన్నెలో చాయ్‌పత్తికి బదులు ధనియాల పొడి తేలుతూ కనిపించింది. వేసింది నేనే. నవ్వు ఆగిపోయింది.

"ఒళ్ళు మారతాంది, అంతే," అని వాజిద్ బయటినుంచి చాచాకు చెబుతున్నాడు.

శనివారం ఎవరినీ అడగలేదు. పది గంటల కునుకు మా అత్తకు అప్పగించి తొమ్మిదికి బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్ళో చార్టు, సంచిలో రంగు సుద్దముక్కలు. రెండు వారాల్లో ఎవర్నో లేపాలని కాచుకోనక్కర్లేని మొదటి గంట అది. పాఠం మొదటి వాక్యం మనసులో అనుకున్నట్టు గుర్తు.

"అమ్మా, గోనెగండ్ల. యాడ దిగాల మీరు?"

కళ్ళు తెరిస్తే కండక్టరు.

"ఎమ్మిగనూరు!"

"అదెప్పుడో దాటినాం కదమ్మా! ఆడ రెండుసార్లు అరిసినా. మీ పక్కనామె బుజం తట్టి లేపింది గూడా. 'ఇంకా ఇరవై నిమిషాలు కాలేదు' అని మళ్ళా పండుకుంటిరి."

వెనక్కి బస్సు దొరికి బడికి చేరేసరికి పన్నెండు దాటింది. రేణుక మేడం కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. "ఇంకొకామె టైముకొచ్చి క్లాసు చెప్పిందమ్మా. ఆమెనే తీసుకున్నాం," అని మంచినీళ్ళిచ్చింది. చార్టు చుట్టినది చుట్టినట్టే ఉంది.

ఇంటికొచ్చేసరికి మూడు. వాజిద్ మంచం మీద వెల్లకిలా పడి నిద్రపోతున్నాడు. పక్కన మా అత్త విసనకర్ర ఊపుతోంది.

"పది గంటలకు పండుకున్నాడు బేటీ. లేపబుద్ధి కాలా."

నాలుగు దాటాక తనంతట తనే లేచాడు. మొహం పెళ్ళికొడుకు మొహంలా ఉంది. "అయిందా? ఎట్ల సెప్పినావు పాఠం?"

"సెప్పలేదు. బస్సులో గోనెగండ్ల దాకా నిద్రపోయినా. ఉద్యోగం ఇంకొకామెకు ఇచ్చేసినారు."

పరాచికమేమో అనుకుని నా మొహం చూశాడు. తర్వాత మంచం పక్కనున్న చార్టును చూశాడు. దాన్ని తీసి, విప్పి, మళ్ళీ చుట్టాడు. మాట వెతుక్కోవడానికి సాయం చేయాలని నాకనిపించలేదు.

"రంజాన్‌లో నేను పండుకున్నప్పుడు నువ్వు గూడా పండుకుంటాంటివి," అన్నాడు చివరికి. "ఈ రెండు వారాలు నేను పండుకున్నప్పుడల్లా నువ్వు కూసున్నావు. అది నేను సూడనే లేదు. నాదే తప్పు."

"అమ్మీకి వినబడలేదు," అన్నాను.

మా అత్త విసనకర్ర ఆపింది. వాజిద్ నా వైపు చూసి, గొంతు సవరించుకుని, వీధిలోకి కూడా వినబడేలా అన్నాడు.

"అమ్మీ, తప్పు నాది."