దిగువపల్లె కొంగలు

చెరువు నిండగానే దిగువపల్లెకు ఎర్రకాళ్ళ కొంగలు వచ్చేవి. నీళ్ళలో సగం మునిగిన తుమ్మచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలను లేపుకుని, ఎండలు ముదిరాక వెళ్ళిపోయేవి. ఆడబిడ్డలు పురిటికి వచ్చారని ఆ ఊరివాళ్ళు మురిసిపోయేవారు. రెట్ట కలిసిన నీళ్ళకు వాళ్ళ వరి ఏపుగా పెరిగేది.

పక్క ఊరు ఎగువపల్లెకు పెద్ద అయిన మాలకొండయ్యకు ఇది గిట్టేది కాదు. దిగువపల్లె పెద్దరైతు కాటమరాజు అతని చెల్లెలి మొగుడు. సంతలో కలిసినప్పుడల్లా, "బావా, మా కొంగలు దిగినాయి. మీ చెరువులో ఏమున్నాయి, నీటికోళ్ళేనా?" అని నవ్వేవాడు. మాలకొండయ్యకు ఆ పూట అన్నం సయించేది కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడు అతను పంతం పట్టాడు. తమ చెరువులో తుమ్మ విత్తనాలు చల్లించాడు. కొమ్మ నరికితే జరిమానా అన్నాడు. తుపాకీతో వచ్చిన వేటగాణ్ణి పొలిమేర దాటించాడు. చివరికి దీపావళి టపాకాయలు కూడా మాన్పించాడు.

"కొంగల కోసం పిల్లోళ్ళ పండగ చెడగొడ్తివే!" అని భార్య వెంకటసుబ్బులమ్మ దెప్పినా వినలేదు.

కొన్నేళ్ళకు చెట్లు గుబురెక్కాయి. నీటికాకులు వచ్చాయి, తెల్లకొంగలు వచ్చాయి, తెడ్డుమూతి కొంగలూ దిగాయి. ఎర్రకాళ్ళవి మాత్రం ఆ చెట్ల మీదుగానే ఎగిరి దిగువపల్లెకు పోయేవి. వడ్డించిన విస్తరి వదిలేసి పక్కింటికి పోయిన చుట్టాన్ని చూసినట్టు మాలకొండయ్య ఉడికిపోయేవాడు.

ఒక కార్తీకంలో తుఫాను వానకు దిగువపల్లె కట్ట తెగింది. చెరువు ఖాళీ అయింది. అప్పుడే గూళ్ళు మొదలుపెట్టిన ఎర్రకాళ్ళ కొంగలు పుల్లలు కరుచుకొచ్చి ఎగువపల్లె చెట్ల మీద వాలాయి. మాలకొండయ్య వాటినే చూస్తూ తమ చెరువు కట్ట మీద కూర్చుండిపోయాడు.

చెల్లెలు గురవమ్మ అక్కడికే వచ్చింది.

"అన్నా, ఇంకో వాన పడేలోపల గండి పూడ్చాల. మీ ఊరి మనుషుల్ని, బండ్లను పంపు."

"మీ ఆయన రాలేదేంది?"

"మొహం చెల్లక. కొంగలు ఇటు వచ్చినాయని నిన్నట్నుంచి అన్నం ముట్టలేదు."

ఆ మాట మాలకొండయ్యకు తియ్యగా తగిలింది. ఆ బాధ ఎలాంటిదో తనకు బాగా తెలుసు కనుక వెంటనే సిగ్గూ వేసింది. అయినా ఉండబట్టలేక అన్నాడు:

"కట్ట నిలిస్తే ఇవి మళ్ళ మీకాడికే పోతాయి గదమ్మా."

"పోతాయేమో. కొంగల కోసం నా పైరు ఎండబెడ్తావా అన్నా?"

అతను లేచి బండ్లు కట్టించాడు. గండి దగ్గర తానూ తట్ట ఎత్తాడు. పక్కనే మన్ను పోస్తున్న కాటమరాజు అడిగాడు.

"బాగుండాయా అవి?"

"బాగుండాయి. గూళ్ళు కడ్తన్నాయి" అన్నాడు మాలకొండయ్య, తలెత్తకుండా.

ఆ ఏడే రెండు ఊళ్ళూ కలిసి తమ చెరువుల దగ్గర తుపాకీ పేల్చకూడదని కట్టుబాటు చేసుకున్నాయి. మరుసటి ఏడు రెండు చెరువులూ నిండాయి. ఎర్రకాళ్ళ కొంగలు కొన్ని ఎగువపల్లెలో ఉండిపోయాయి, కొన్ని దిగువపల్లెకు వెళ్ళాయి. ఎగువపల్లెలో అందరూ సంబరపడ్డారు.

మాలకొండయ్య మాత్రం చెరువు నుంచి ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ భార్యతో అన్నాడు:

"వాళ్ళకాడే ఎక్కువ వాలినాయి."