పొగ పళ్లెం

ఇనుప పళ్లెం బాగా కాలిందో లేదో చూడడానికి రామస్వామి దాని అంచు మీద ఒక నీటిచుక్క వేస్తాడు. చుక్క సుర్రుమని ఎగిరిపోతే పళ్లెం సిద్ధమైనట్టు. ఆ చప్పుడు అతనికి వినపడదు. చుక్క ఎగరడం కళ్లతో చూసి, పళ్లేన్ని పటకారుతో పట్టి చెక్క పీట మీదికి దించుతాడు.

సిరిసిల్ల బైపాస్ రోడ్డు మీది ఆ గ్రిల్ రెస్టారెంటు కరీంనగర్ వాళ్లది. జగిత్యాలలోనూ కోరుట్లలోనూ ఇట్లాంటివే ఉన్నాయి. అన్నిచోట్లా అవే ఎర్ర సోఫాలు, గోడ మీద అదే గుర్రపు స్వారీ బొమ్మ, అదే మెనూ. స్టేక్ అంటే ఏమిటో మొదట్లో ఊళ్లో చాలామందికి తెలియదు. వెడల్పుగా చదును చేసిన కోడి మాంసం కాల్చి, మండే పళ్లెంలో క్యాబేజీ ఆకుల మీద పెట్టి, వెన్నా సాసూ పోస్తారు. గుప్పున పొగ లేస్తుంది. ఆ పొగను వంటగది తలుపు నుంచి బల్లల దాకా మోసుకుపోయేది రామస్వామే.

సన్నగా, పొడుగ్గా ఉంటాడు. ఏళ్ల తరబడి సాంచెల మీద, అంటే గుడ్డ నేసే మరమగ్గాల మీద, వంగి తెగిన దారాలు ముడివేసినందువల్ల కుడి భుజం కిందికి జారిపోయింది. కంపెనీ వాళ్లు చెప్పారని మీసానికి నల్లరంగు వేస్తాడు. మోచేతుల దాకా గోధుమరంగు కాలిన మచ్చలు. చెవులు మాత్రం ఈ కొలువులో పోయినవి కావు. మీసం రాకముందే దేవయ్య సేటు షెడ్డులో సాంచెల పనికి చేరాడు. ఆ మోతలో ఒకరి మాట ఒకరికి అందేది కాదు. ఆకలేస్తే చేత్తో, దారం తెగితే కనుసైగతో చెప్పుకునేవారు. గుడ్డకు గిరాకీ పడిపోయి, సేటు సాంచెలను పాత ఇనుము కింద అమ్మేసిన రోజున షెడ్డు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దానికీ ముందున్న మోతకూ రామస్వామికి పెద్దగా తేడా తెలియలేదు.

ఇన్నేళ్లు గుడ్డ నేస్తే ఒక్కరూ తలతిప్పి అతన్ని చూడలేదు. ఇక్కడ పొగ పళ్లెంతో హాల్లోకి అడుగుపెడితే అన్ని తలలూ తిరుగుతాయి. పిల్లలు సోఫాల మీద లేచి నిలబడతారు. ఇంటికి వెళ్లాక బీడీలు చుడుతూ కూర్చున్న భార్య లసుమవ్వ, "ఇయ్యాల ఎవలెవలు అచ్చిండ్రు?" అని అతనికి కనపడేలా తలెత్తి అడుగుతుంది. ఎవరు ఏం తిన్నారో, ఏ పసిపిల్ల పొగ చూసి ఏడ్చిందో, ఏ ముసలమ్మ ఫోర్కు పక్కన పెట్టి చేత్తో తిన్నదో చెబుతాడు. ఆమె ఏనాడూ ఆ హాల్లో అడుగుపెట్టలేదు. అయినా అక్కడి భోజనాలన్నీ ఆమెకు తెలుసు.

ఆదివారం పొద్దున్నే మేనేజర్ ప్రేమ్‌సాగర్ పిలిచాడు. కోరుట్ల బ్రాంచి నుంచి బదిలీ మీద వచ్చిన కుర్రాడు. కసిరే మనిషి కాదు.

"కాకా, జెర గిటు రా. గిది సదువు."

ఫోను ముందుకు చాపాడు. రామస్వామి అద్దాలు పెట్టుకుని, రెస్టారెంటు గురించి ఎవరో పెట్టిన రివ్యూ చదివాడు. తిండి బాగుందట. ముసలి సర్వరుకు చెవులు వినపడవట. ఆర్డరు చెబుతుంటే మొహం మీది మీదికి వస్తాడట. చేతుల నిండా మచ్చలట, చూస్తూ తినబుద్ధి కాలేదట.

"ఎవలు రాసిండ్రు?"

"రాజేశ్ సార్. దేవయ్య సేటు కొడుకు. కరీంనగర్ నుంచి ఫోనచ్చింది కాకా, నా చేతులేం లేదు. ఇయ్యాల్టి నుంచి బల్లల కాడికి పోకు. లోపటనే పళ్లేలు గరం చెయ్యి."

రాజేశ్ హైదరాబాదులో చదువుకుని వచ్చి చీరల షోరూం పెట్టాడు. ఆదివారాలు భార్య హేమలతతో వచ్చేవాడు. "ఏం కాకా, బాగున్నవా" అని నవ్వేవాడు. ఆ నవ్వు గురించి కూడా లసుమవ్వకు చాలాసార్లు చెప్పి ఉన్నాడు.

మధ్యాహ్నానికి హాలు నిండింది. నడిమి బల్ల రాజేశ్ వాళ్లది. తండ్రి పుట్టినరోజు. ఇక్కడ ఎవరి పుట్టినరోజైనా పనివాళ్లంతా చుట్టూ చేరి చప్పట్లు కొట్టాలి. కుర్ర సర్వరు చందు కేకు పట్టుకున్నాడు. పొగ పళ్లెం ఎత్తబోయి ఇంకో సర్వరు వందన వేడికి చెయ్యి వెనక్కి తీసుకుంది. మేనేజర్ ఒక్క క్షణం అటూ ఇటూ చూశాడు.

"కాకా, నువ్వే తీస్కపో. అక్కడ ఏం మాట్లాడకు."

రామస్వామి పళ్లెం ఎత్తాడు. తలలు తిరిగాయి. చప్పట్లు కొడుతున్న వందన చేతులు చూస్తూ పుట్టినరోజు పాటకు తగ్గట్టు పెదవులు కదిపాడు. కేకు కోయడం అయ్యాక పళ్లెం దించి వెనక్కి తిరగబోతుంటే దేవయ్య చెయ్యి పట్టుకున్నాడు. సేటు బాగా ముసలివాడైపోయాడు. చెవి వెనక చిన్న మిషను ఉంది.

"నువ్వు రామస్వామివి కాదురా? మా షెడ్ల చేసినవు."

పెదవులు చూసి అర్థం చేసుకున్నాడు. తల ఊపాడు.

"నీ చెవులెట్లున్నయి? నావి పూరాగ పోయినయి. మావోడు బొంబాయి నుంచి మిషను తెప్పిచ్చి పెట్టిచ్చిండు."

మాట్లాడవద్దన్నది గుర్తుంది. అయినా సేటు ఒక్కడికే వినపడేలా గొంతు తగ్గించి చెప్పాననుకున్నాడు.

"మీకు మిషను వెట్టిచ్చిండు సేటూ. నాకు వినవడదని ఫోన్ల రాసి లోపటికి ఎల్లగొట్టిచ్చిండు. మీ సాంచెల కాడనే పోయినయి గదా నా చెవులు."

చెవులు పోయిన మనిషికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు. హాలంతా విన్నది. పక్క బల్లల మీద చెంచాలు ఆగాయి. హేమలత తల దించుకుంది.

"ఏం రాసినవ్‌రా?" అన్నాడు దేవయ్య కొడుకుతో.

"ఏం లేదు బాపూ. తిను, సల్లారుతది."

దేవయ్య చెక్క పీటను దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలాడు. "మెత్తగుంది," అన్నాడు. మళ్లీ రామస్వామి వైపు చూడలేదు. పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిన్నాడు.

చెయ్యి కడుక్కోవడానికి వచ్చిన రాజేశ్ వంటగది తలుపు దగ్గర ఆగాడు.

"నువ్వు మా షెడ్ల చేసినవని నాకు తెల్వది కాకా. నీ పేరైతే వెట్టలే గద నేను. సర్వీస్ గురించి రాసిన."

"నా పేరు మీకెర్కనా సార్?" అన్నాడు రామస్వామి.

అతనికి నిజంగా తెలుసుకోవాలనిపించింది. రాజేశ్ రుమాలుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయాడు.

హాలు ఖాళీ అయ్యాక ప్రేమ్‌సాగర్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మాట్లాడద్దన్న గద కాకా. కరీంనగరోళ్లకు అప్పుడే తెల్సింది. కోరుట్ల బ్రాంచిల గిన్నెలు కడిగెటోళ్లు కావాల్నట. పోతవా? అక్కడ ఎవలూ నిన్ను సూడరు."

"సూస్త," అన్నాడు రామస్వామి.

ఆరిపోయిన పొయ్యి పక్కన పళ్లేలన్నీ తుడిచి పెట్టాడు. వెనక తలుపు గుండా వెళ్లిపోయాడు. అప్పటికి ఇంకా ఎండ ఉంది.

ఇంటి ముందర లసుమవ్వ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంత పెందలాడే రావడం చూసి మొహం ఎత్తింది.

"ఇయ్యాల ఎవలెవలు అచ్చిండ్రు?"

అతను గడప మీద కూర్చున్నాడు. ఆమె చేతులు తునికాకు చుట్టడం చూశాడు.

"ఎవలు రాలే," అన్నాడు.

ఆమె చాటలోంచి మరో ఆకు తీసుకుంది. కోరుట్లకు అతను వెళ్లలేదు, బైపాస్ రోడ్డు వైపు మళ్లీ పోలేదు.

మర్నాడు తెల్లవారి వందన రెస్టారెంటు వెనక తలుపు తీసేసరికి గోడవారన రామస్వామికి కంపెనీ ఇచ్చిన నల్ల బూట్లు జతగా పెట్టి ఉన్నాయి. ఎవరో ముందు పనిచేసి వెళ్లిన మనిషివి కాబోలు, బాగా పెద్ద సైజు. జారకుండా ముందుభాగంలో కుక్కుకున్న తెల్ల గుడ్డపేలికలు కొద్దిగా బయటికి వచ్చి ఉన్నాయి. వాటి మీద అతని బొటనవేళ్ల గుంటలు ఇంకా అట్లాగే ఉన్నాయి.