అన్నీ మంచి మాటలే

గొంతు తీసేయాలని డాక్టరమ్మ చెప్పినప్పుడు, వీరభద్రం బతుకుతానా అని అడగలేదు. మాటెలా అని అడిగాడు. ఆవిడ ఒక కాగితం చేతిలో పెట్టింది. మెడకు ఆనించుకుంటే బొంగురుగా పలికే పరికరం బొమ్మ అందులో ఉంది. పిస్కాటవే ఊళ్లో తమ అపార్ట్‌మెంట్ చేరేదాకా అతను ఆ కాగితాన్ని మడతపెడుతూ విప్పుతూనే ఉన్నాడు. డ్రైవ్ చేస్తున్న భార్య శశికళ అటు చూడలేదు. చూస్తే ఏడుపు ఆగదని ఆమెకు తెలుసు.

"ఆ రోబో గొంతు నాకొద్దు," అన్నాడు కారు దిగుతూ. "నా గొంతే ఉంటుంది. నేను చేస్తాను."

చేస్తానన్నాడంటే చేసేదాకా నిద్రపోడు. పాత వస్తువు ఒక్కటి కూడా బయట పారేయనివ్వని మహానుభావుడు. ఇంట్లో సామాన్లు పెట్టుకునే చిన్న గది, క్లాజెట్ ఒకటి, నిండా కేబుళ్లే. వాటి అడుగు నుంచి అరచేతి కంప్యూటర్ ఒకటి తవ్వి తీశాడు. రెండు వేల సంవత్సరంలో, ఐటీ కంపెనీలు డబ్బు మంచినీళ్లలా ఖర్చు పెట్టిన రోజుల్లో, ఆఫీసులో ఇచ్చినది. పుల్లతో తెర మీద పొడిస్తే పని చేస్తుంది. నాలుగేళ్లకే ఎవరికీ అక్కర్లేనిదైపోయింది.

అతని ఆలోచన తేలికైనదే. ఆపరేషన్‌కి ముందే తన గొంతుతో మాటలు రికార్డ్ చేసి పెట్టుకోవాలి. తెర మీద ఒక్కో మాటకీ ఒక్కో బటన్ ఉండాలి. నొక్కితే ఆ మాట తన గొంతులో వినపడాలి. చిక్కల్లా ఆ కంప్యూటర్‌తో వచ్చిన సిస్టమ్‌తోనే. బ్యాటరీ అయిపోయిందంటే అందులో పెట్టినవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అందుకని దాన్ని తీసేసి, బ్యాటరీ పోయినా ఏదీ చెరగకుండా లినక్స్ అనే ఇంకో సిస్టమ్ ఎక్కిద్దామనుకున్నాడు. దాని లోపల ఏముందో అందరూ చూడొచ్చు, ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకోవచ్చు. పైగా ఊరికే వస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం డైనింగ్ టేబుల్ మీద దుకాణం పెట్టాడు. చిన్న కంప్యూటర్ నుంచి పెద్ద కంప్యూటర్‌కి కేబుల్ తగిలించాడు.

"పాత ప్రాణం తీసి కొత్త ప్రాణం పోస్తున్నా. ఇప్పుడు కరెంట్ పోయిందో, ఇది చచ్చినట్టే," అన్నాడు హుషారుగా.

"ఏం మాటలండీ అవి!" అని కసిరింది శశికళ.

తెర నల్లబడింది. ఎంతసేపటికీ అలాగే ఉండిపోయింది. శశికళ చేస్తున్న పని వదిలేసి వచ్చి పక్కన నిలబడింది. ఆ డబ్బా ఏమైపోయినా ఆమెకు బాధ లేదు. అది లేవకపోతే ఈ మనిషి కూడా కూలబడిపోతాడనే ఆమె భయమంతా. చివరికి తెర మీద లినక్స్ గుర్తైన పెంగ్విన్ బొమ్మ, దాని కింద గబగబా పరుగెత్తే అక్షరాలు కనపడ్డాయి. జబ్బు సంగతి తెలిశాక వీరభద్రం నవ్వడం అదే మొదటిసారి.

తెలుగు మాత్రం మొండికేసింది. ఒత్తులు ఒకచోట, గుణింతాలు ఒకచోట చెదిరిపోయాయి. కుస్తీ పట్టి పట్టి విసుగొచ్చి, మాటలన్నిటినీ బొమ్మలుగా గీసి బటన్ల మీద అతికించాడు. ఇంగ్లీష్‌లో రాసుకోవచ్చుగా అంటే, "నీతో ఇంగ్లీష్‌లో ఎందుకు మాట్లాడతానే?" అన్నాడు.

తర్వాత రికార్డింగ్. బయటి చప్పుడు వినపడకుండా బట్టల క్లాజెట్‌లో దూరి చలికోట్ల మధ్య కూర్చున్నాడు. శశికళ తలుపు దగ్గర నిలబడింది.

"ఏమేవ్!" అన్నాడు మైకులో. భార్యతో, కూతురు అనుష్కతో రోజూ అనే మాటలే. "కాఫీ ఇస్తావా? అనూ, హోంవర్క్ అయిందా? బాగున్నాను. ఎప్పుడొస్తావు?" అప్పటికే గొంతు జీరపోయింది. మధ్యమధ్య ఆగి నీళ్లు తాగాడు. మళ్లీ మొదలుపెట్టి, "నొప్పిగా ఉంది," అన్నాడు. "ఊపిరాడటం లే..."

శశికళ వంగి మైకు మీద చెయ్యి అడ్డం పెట్టేసింది.

"వద్దు. అది తీసేయండి."

"అదేంటే? రేపు నిజంగా నొప్పొస్తే ఎలా చెప్పను?"

"తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. ఆపరేషన్ పెట్టుకుని ఆ మాటలేంటి? చాలక అవి ఇంట్లో దాచిపెట్టుకోవడమా?"

"శశీ, ఇది కంప్యూటర్. దీనికి శకునాలేంటి?"

"మీకేమైనా అయితే మీ మొహం చూస్తే నాకు తెలీదా? బటన్ నొక్కి చెప్పాలా?"

ఆఫీసులో మేనేజర్ మాట వినడు, ఇంట్లో కన్నతండ్రి మాట వినడు. అలాంటివాడు, కోట్ల మధ్య నుంచి తలెత్తి ఆమె కళ్లు చూసి, ఆ రెండు మాటలూ చెరిపేశాడు. సాయం కావాలి, భయమేస్తోంది, పడిపోయాను లాంటివి అసలు రికార్డే చేయలేదు. చివరికి అన్నీ మంచి మాటలే మిగిలాయి.

ఆపరేషన్ బాగా జరిగింది. మెడ కింది భాగంలో చేసిన రంధ్రం నుంచే అతనికి ఊపిరి. మాట మాత్రం ఆ డబ్బా నుంచి. ఇంట్లో మళ్లీ "ఏమేవ్" అని వినపడిన మొదటి రోజు శశికళ వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సంతోషమో దిగులో ఆమెకే తెలియలేదు.

ఆమె ఇండియన్ స్టోర్‌లో క్యాష్ కౌంటర్ పనికి మళ్లీ వెళ్లడం మొదలుపెట్టాక, వీరభద్రం రోజూ మధ్యాహ్నం స్టోర్‌కి ఫోన్ చేసేవాడు. రిసీవర్ దగ్గర డబ్బా పెట్టి బటన్లన్నీ వరుసగా వాయించేవాడు. "ఏమేవ్. కాఫీ ఇస్తావా? అనూ, హోంవర్క్ అయిందా? ఏమేవ్." పక్క కౌంటర్‌లో ఉండే అమ్మాయి కూడా నవ్వేది. "మీ ఆయన పాటల ప్రోగ్రామ్ మొదలైందక్కా," అనేది.

ఫిబ్రవరిలో చలి ముదిరింది. హీటర్ వేడికి ఇంట్లో గాలి ఎండిపోతే కఫం గట్టిపడి రంధ్రానికి అడ్డం పడుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. గాలికి తేమ పట్టించే మెషిన్ తెచ్చి పెట్టారు. ఆ శుక్రవారం దానిలో నీళ్లు అయిపోయిన సంగతి ఎవరూ చూసుకోలేదు.

మంచు తుఫాను వస్తుందని టీవీలో చెప్పారు. స్టోర్‌లో జనం బియ్యం బస్తాల కోసం ఎగబడుతున్నారు. అప్పుడే ఫోన్ మోగింది.

"ఏమేవ్," అంది డబ్బా. "ఏమేవ్. ఏమేవ్. ఎప్పుడొస్తావు?"

"ఆరింటికండీ. ఇక్కడ ఫుల్ రష్."

"ఎప్పుడొస్తావు? కాఫీ ఇస్తావా? ఏమేవ్. బాగున్నాను. ఏమేవ్."

"ఇవాళ ఆటలొద్దు, కస్టమర్లున్నారు," అని నవ్వుతూనే పెట్టేసింది శశికళ.

సాయంత్రం దాకా స్కూల్లోనే ఉండే కూతుర్ని కారెక్కించుకుని ఇంటికొచ్చేసరికి అతను ఫోన్ పక్కన నేల మీద పడి ఉన్నాడు. ఆంబులెన్స్ వాళ్లు చేయగలిగిందేమీ లేకపోయింది.

ఆపదలో సాయానికి పిలిచే 911కి ఫోన్ చేసి ఉండాల్సింది, మాట్లాడకపోయినా వచ్చేవాళ్లు అని తర్వాత చాలామంది అన్నారు. నిజమే. కానీ ఊపిరాడనప్పుడు మనిషి ముందు ఎవరిని పిలుస్తాడో అన్నవాళ్లకేం తెలుసు?

వచ్చిన స్నేహితులంతా వెళ్లిపోయాక ఇల్లు ఖాళీ అయింది. పదమూడేళ్ల అనుష్క సోఫాలో కూర్చుని డబ్బాలోని బటన్లు ఒక్కొక్కటే చూస్తోంది. నొక్కడం లేదు, చదువుతోందంతే. ఆదివారం తెలుగు బడిలో నేర్చుకున్న అక్షరాలను కూడబలుక్కుంటూ చివరిదాకా వెళ్లింది. మళ్లీ మొదటికొచ్చింది.

"అమ్మా, హెల్ప్ బటన్ ఎక్కడ ఉంది?"

శశికళ వచ్చి పక్కన కూర్చుంది.

"డాడీ మర్చిపోయాడా?"

అవునంటే సరిపోయేది. పిల్ల నమ్మేది. కానీ పోయిన మనిషి మీద తన తప్పు మోపడానికి ఆమెకు నోరు రాలేదు.

"లేదమ్మా. డాడీ పెడతానన్నాడు. నేనే పెట్టనివ్వలేదు."

"వై?" అంది అనుష్క. తల్లి మొహంలోకి చూసి మళ్లీ తెలుగులో అడిగింది. "ఎందుకు అమ్మా?"

"డాడీకి ఏమీ కాకూడదని," అంది శశికళ.