రాహుకాలంలో ఆగిన కంప్యూటర్

ఏలూరులో మా ఆఫీసు చేపల మేత షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. దాన్ని కంప్యూటర్‌లో ఎలా ఎక్కించుకోవాలో చెప్పే గైడ్ రాసేది నేను, మునీరాని. బాగా రాస్తానని కాస్త పొగరు కూడా ఉంది.

ఆ పొగరు కైకలూరు శ్రీరంగనాయకులు గారు దించేశారు. మేత షాపు ఆయనది. గైడ్ చూసుకుంటూ మొదలుపెట్టి, సగంలో ప్లగ్గు పీకేశారు. కంప్యూటర్ మొరాయించింది.

"ఇంకోసారి ఇలా జరిగితే గైడూ వద్దు, పాడూ వద్దు. షాపు షాపుకీ మనిషినే పంపుదాం. మీరు ఫోన్లు ఎత్తండి," అన్నారు మా యజమాని హేమంత్‌కుమార్ గారు.

నాకు ఒళ్లు మండింది. మర్నాడే కైకలూరు బస్సెక్కాను.

శ్రీరంగనాయకులు గారు మేత బస్తాల మధ్య కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించారు.

"ప్లగ్గు ఎందుకు తీశారండీ?"

"ఏం చెయ్యమంటారమ్మా? మంచి గడియ చూసుకునే మొదలెట్టాను. సగమయ్యాక దానంతటదే ఆగిపోయి, మళ్లీ మొదట్నించీ వెలిగిందండి. చూస్తే రాహుకాలం వచ్చేసింది. ఆ టైంలో కొత్తగా మొదలెడితే కలిసొస్తుందా అండీ?"

నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. మధ్యలో రీస్టార్ట్ అవుతుందన్న ముక్క గైడ్‌లో లేనేలేదు. నాకు తెలిసిందల్లా లోకానికి తెలుసనుకున్నాను.

అక్కడే కూర్చుని రాశాను: "మధ్యలో కంప్యూటర్ ఒకసారి ఆగి, మళ్లీ వెలుగుతుంది. కంగారుపడకండి. ఇది కొత్తగా మొదలుపెట్టడం కాదు. మీరు మంచి గడియలో మొదలుపెట్టిన పనే సాగుతోంది. ప్లగ్గు తీయకండి."

హేమంత్‌కుమార్ గారు చదివి, "ఇది గైడా, పంచాంగమా?" అన్నారు.

"పంచాంగమైతే షాపులో రోజూ చూస్తారండీ. మన గైడ్ ఎవరు చూస్తున్నారు?" అన్నాను. ఆయన నవ్వి, సరే పంపించమన్నారు. కొత్త గైడ్ కైకలూరు వెళ్లింది. నేను మాత్రం ఫోన్ మోగినప్పుడల్లా కైకలూరేమోనని తల తిప్పి చూశాను.

రెండ్రోజులకి ఫోనొచ్చింది. హేమంత్‌కుమార్ గారే ఎత్తి, స్పీకర్‌లో పెట్టారు.

"మనిషిని పంపకండి. నేనే ఎక్కించేసుకున్నాను," అన్నారు శ్రీరంగనాయకులు గారు. "తాడేపల్లిగూడెంలో మేత షాపున్న మా బావమరిదికీ ఆ కాగితం పంపానండి. అతనూ ఎవర్నీ అడక్కుండానే ఎక్కించుకున్నాడు. అవునండీ, దానిమీద మీ కంపెనీ పేరుంది గానీ, రాసినమ్మాయి పేరు లేదేంటండీ?"

హేమంత్‌కుమార్ గారు నావైపు చూశారు. నేనప్పటికే గైడ్ తెరిచి, చివర్న "రాసినవారు: మునీరా, ఏలూరు" అని కొడుతున్నాను. అనుమతి అడగలేదు.