పరలోకంలో అరగంట

"నీకు తీరిక ఉండదని చెప్పేశాను" అన్నాడు మా ఆయన అపెరామో.

నేను ఆదివారానికి అతని తెల్ల కోటు ఇస్త్రీ చేస్తున్నాను. ప్రతి మంగళవారం వచ్చి స్త్రీలకు బైబిలులోని ప్రకటన గ్రంథం బోధించమని మా దీవుల రాజధాని అపియాలోని సంఘ కార్యాలయం వాళ్ళు నన్ను అడిగారు. జవాబు మాత్రం పాస్టరైన నా భర్త దగ్గర తీసుకున్నారు. సోమవారం వేరే మనిషిని ఖాయం చేస్తారట.

"పాస్టరు పెళ్ళాం బస్సెక్కి తిరిగితే, ఇంటికొచ్చే సంఘం డీకన్లకి కోకో ఎవరు కాస్తారే?" అంది అత్తగారు ఫువాటినో, చాప అల్లుతూ, తల ఎత్తకుండా.

నేను కోటు తిప్పి రెండో చెయ్యి ఇస్త్రీ చేశాను. వేదాంత కళాశాలలో అపెరామో చదివిన నాలుగేళ్ళూ భార్యలమైన మాకు కుట్టుపని, బల్ల సర్దడం నేర్పారు. ప్రకటన గ్రంథం నేను అతని పాఠాలు అప్పజెప్పించుకుంటూ నేర్చుకున్నాను. ఇప్పటికీ అతని ప్రసంగం శుక్రవారం వంటింట్లోనే తయారవుతుంది. నేను చేపలు తోముతూ చెబుతాను, అతను రాసుకుంటాడు. భోజనానికి వచ్చిన డీకన్లు ఆ ప్రసంగాన్ని మెచ్చుకుంటుంటే నేను వాళ్ళ పళ్ళేల మీద ఈగలు తోలుతూ కూర్చుంటాను. వాళ్ళు తిని లేచాక మేం తింటాం. ఇందులో నాకు కొత్తగా అనిపించింది ఒక్కటే. ఈసారి అడిగింది నన్ను, పేరుపెట్టి.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్ళం గుడిలో బైబిలు పాఠానికి కూర్చున్నాం. దేవుని సింహాసనం ముందు పెద్దలు పట్టుకున్న బంగారు పాత్రల వచనం దగ్గర మా సంఘంలో ఒకామె, తాలిగి, నన్ను ఆపింది.

"అమ్మగారూ, ఆ గిన్నెల్లో ధూపమంటే పరిశుద్ధుల ప్రార్థనలని ఉంది కదా. మరి నాది ఏ గిన్నెలో ఉన్నట్టు? మా ఇంట్లో ప్రార్థన మా ఆయనే చేస్తాడు. వానలు పడాలనీ, రగ్బీ ఆటలో గెలవాలనీ అడుగుతాడు. నేను ఆమెన్ అంటాను."

"రగ్బీ గిన్నె ఎప్పుడో పొర్లిపోయుంటుందిలే" అంది వెనక నుంచి ఎవరో. అందరూ నవ్వారు.

గిన్నెల మీద పేర్లు లేవని చెప్పాను. ఎనిమిదో అధ్యాయం తీయమన్నాను. అక్కడ దూత ధూపం వేయకముందు పరలోకం సుమారు అరగంట మౌనంగా ఉంటుంది. సింహాసనం చుట్టూ రాత్రింబగళ్ళు పాడే నాలుగు జీవులు కూడా పాట ఆపాయన్నమాట. తీర్పుకు ముందు భయంతో వచ్చిన మౌనమని కొందరంటారు. వెంటనే పైకి లేచేది ప్రార్థనల పొగ కాబట్టి, అవి వినడానికే ఆగారని నాకు తోస్తుందని చెప్పాను.

"పాట ఆగకపోతే దేవుడికి వినబడదా ఏంటి?" అంది తాలిగి.

"ఆయనకి వినబడుతుంది. పక్కవాళ్ళు కూడా వినాలిగా."

తాలిగి ఆ వచనం మీద వేలు పెట్టింది. "అయితే మనం మాట్లాడాలి అమ్మగారూ. అంతమందీ ఆగి కూర్చుంటే మనం ఆమెన్ అని ఊరుకుంటే ఎలా?"

నేను బైబిలు మూసి లేచాను.

సాయంత్రం ఇళ్ళల్లో ప్రార్థన వేళకి శంఖం ఊదారు. మా ఊళ్ళో శంఖం మోగాక రోడ్డు మీద ఎవరూ నడవరు. ఎవరైనా ప్రార్థిస్తుంటే మధ్యలో మాట కలపరు. కలిపితే ఊరి పెద్దలు పందిని జరిమానాగా వేస్తారు, పాస్టరు ఇల్లయినా సరే. చాపల మీద కూర్చుని ఒక కీర్తన పాడాం. అపెరామో కళ్ళు మూసుకుని గొంతు సవరించుకున్నాడు.

"తండ్రీ" అన్నాను నేను.

పిల్లలు కళ్ళు తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నారు. అత్తగారు ఒక కన్ను తెరిచే ఉంచింది.

"నేను బోధించడానికి వస్తానని రేపు పొద్దున్నే కార్యాలయానికి ఫోన్ చేస్తాను. మంగళవారం బస్సులో నన్ను క్షేమంగా చేర్చు. డీకన్లకి కోకో కాచే ఓపిక అపెరామోకి దయచెయ్యి."

అపెరామో ఊపిరి ఎగబీల్చడం వినబడింది. నేను అత్తగారి మోకాళ్ళ కోసం ప్రార్థించాను. పిల్లల కోసం, తాలిగి కోసం, గుడిలో కూర్చున్న ఆడవాళ్ళందరి కోసం, ఒక్కొక్కరి పేరూ చెప్పి ప్రార్థించాను. తొందరపడలేదు. నేను ఆమెన్ అంటే అతనికి మాట్లాడే వంతు వస్తుంది.

ఇంకా అనలేదు.