తొక్కినా పోని బండి

హులిగమ్మకు మొగుడి మీద నమ్మకం లేదు. మెకానిక్కుల మీద అసలే లేదు. ఉన్నదంతా అమావాస్య పూజ మీదే. టమాటా తోలే పికప్ బండి కొన్న నాటి నుంచి ఒక్క అమావాస్యా తప్పించలేదు. వీధిలో మిగతా బండ్లవాళ్ళు చక్రం కింద నిమ్మకాయ పెట్టి, ముందు భాగానికి ఇంత కుంకుమ పూసి చేతులు దులుపుకుంటారు. "అది పూజనా, గోడకు పేడ కొట్టేదా?" అని హులిగమ్మ మూతి విరుస్తుంది. ఆమె పద్ధతి వేరు. తలుపు తీసి లోపలికి వంగి, దినమంతా మొగుడి కాళ్ళు తగిలే పెడళ్ళకు దండం పెట్టుకుని, కుంకుమ కలిపిన టెంకాయ నీళ్ళు పోస్తుంది. అదీ కింద కాదు, పైన, పెడల్ మొదట్లో. "దేవునికి నెత్తిన పోస్తారా, కాళ్ళ మీద పోస్తారా?" అని మొగుడు ఉరుకుందప్పను ఒకసారి దబాయించింది. అతను నోరెత్తడమే తక్కువ.

అంత భక్తిగా చూసుకున్న బండి ఈ మధ్య మొండెద్దులా తయారైంది. బాగా పోతూ పోతూ ఉన్నట్టుండి స్టీరింగ్ ముందర పసుపురంగు దీపం వెలుగుతుంది. ఇక ఉరుకుందప్ప ఎక్సిలేటర్ నేలకంటా తొక్కినా బండి పీటల మీదికి పోయే పెళ్ళికూతురి నడకే. ఆపి, తాళం తిప్పి, మళ్ళీ స్టార్ట్ చేస్తే కొంచెం దూరం బుద్ధిగా పోతుంది. పోయిన వారం ఎత్తు మీద అట్లాగే చతికిలబడింది. పత్తికొండ మార్కెట్ చేరేసరికి వేలం అయిపోయింది. ఊరివాళ్ళ టమాటా అడిగే నాథుడు లేక ఎండలో మెత్తబడింది.

మరునాడే వీధి అవతలి రామన్న తన కొత్త బండిని ఆ టమాటా రైతుల వాకిళ్ళ ముందు ఆపడం మొదలుపెట్టాడు. ఈ పొద్దున పొరుగింటి మల్లమ్మ మొహం మీదే చెప్పేసింది. "రేపటి లోడు నీకే ఇస్తాండామ్మే. నీ మొగం జూసి, నీ బండిని జూసి కాదు. అది గూడా దావలో నిలబడిందంటే, సీజనంతా రామన్న బండికే."

అప్పటికే ఎమ్మిగనూరులో ఒక మెకానిక్ డీజిల్లో నీళ్ళు కలిసినాయని ట్యాంకు కడిగాడు. ఇంకొకడు ఇంజను చుట్టూ తిరిగి టర్బో పోయిందన్నాడు. "పన్ను నొస్తే మోకాలికి కట్టు కట్టే నాయాండ్లు" అని తిట్టుకుంటూ, హులిగమ్మ మొగుడిని తరుముకుని ఆదోని వచ్చింది. అక్కడ వీరేష్ అని బండ్ల కరెంటు పని చేసేవాడున్నాడు. చల్లని నీడలో కూడా నల్లద్దాలు తీయడు. ఆ అద్దాలు చూడగానే హులిగమ్మకు అతని మీద పెట్టుకున్న కాస్త ఆశా పోయింది.

వీరేష్ స్టీరింగ్ కింద మిషన్ తగిలించి, తెర చూసి, చిటికె వేశాడు. "ఎక్సిలేటర్ సెన్సారక్కా. నువ్వు ఎంత తొక్కినావో బండి కంప్యూటర్‌కు సెప్పే పెట్టె. పెడల్ నెత్తినే ఉంటాది. దాంట్లో ఇద్దరు సాక్షులు. ఒకడు సగం తొక్కినారంటాండాడు, ఇంకొకడు ఏమీ తొక్కలేదంటాండాడు. ఎవుర్ని నమ్మల్ల? అందుకే అది, మెల్లగా పోండి అని కట్టేస్తాండాది."

"మా ఊరి పంచాయితీ మాదిరే" అన్నాడు ఉరుకుందప్ప.

"నువ్వు గమ్మునుండు యో. దీనికేం జేయల్ల?"

"పెడల్ మొత్తం మార్చల్ల. కర్నూలు నుంచి ఎల్లుండికి వస్తాది."

రేపటి లోడు హులిగమ్మ కళ్ళ ముందు రామన్న బండెక్కి పోయింది. "పెట్టె సెడిపోయిందని మిషన్ సెప్పిందా, నువ్వు సెప్తాండావా?"

"సాక్షుల మాట కలవలేదని మిషన్ సెప్పిందక్కా. అంటే పెట్టె పోయినట్టే."

"ఇంట్లో లైటు ఎలగకపోతే వైరు జూస్తారా, ఇల్లు పడగొడ్తారా? మొగానికి ఆ అద్దాలు తీసి జూడప్పా!"

వీరేష్ అద్దాలు తీయలేదు గాని, కోపంగా తెర ఆమె వైపు తిప్పాడు. ఉరుకుందప్పను మెల్లగా తొక్కమన్నాడు. తెర మీద ఒక సాక్షి అంకె మెట్లెక్కినట్టు ఎక్కింది. రెండోది ఎక్కి, ఠక్కున సున్నాకు పడి, మళ్ళీ ఎగిరింది. కాలు తీయించి, ఉత్త చేత్తో పెడల్ పైనున్న వైరు కదిపాడు. ఎవరూ తొక్కకుండానే అంకె గంతులేసింది.

"ఓహో" అన్నాడు వీరేష్ గొంతు తగ్గించి. "పెట్టె కాదు. వైరు తగిలించే ప్లగ్గు కాడ ఉండాది యవ్వారం."

"అట్ల రా దారికి. నీ మిషన్ కంటే నా నోరు మేలు" అని హులిగమ్మ కొంగు బిగించింది.

వీరేష్ తలకిందులుగా లోపలికి దూరి ప్లగ్గు లాగాడు. పిన్నుల నిండా పచ్చటి చిలుము. జిగురు. ఆ జిగురులో చీమల బారు. "అన్నా, దీనికి పానకం తాపినోళ్ళెవురన్నా? సీమలు సంసారం బెట్టినాయి! వాన నీళ్ళయితే ఇంత బంక ఉండదు. ఎవురో పైనుంచి తీపినీళ్ళు ధార పోసినారు."

ఉరుకుందప్ప తల తిప్పి పెళ్ళాన్ని చూశాడు. హులిగమ్మ అంతకు ముందే తేరుకుంది. "ఇంగెవురు, ఈయప్పే! సోడా తాగుతా తోల్తాడు. సగం నోట్లోకి, సగం బండ్లోకి."

ఉరుకుందప్ప ప్లగ్గు మీద వేలు రుద్ది, ఎర్రగా అంటినదాన్ని ఆమె ముందు పెట్టాడు. "సోడాలో కుంకమ యాడుంటాదే?"

వీరేష్ నవ్వడానికి బండి చాటుకు పోయాడు. హులిగమ్మ రోడ్డు మీద పోయే ఆటోలన్నిటినీ శ్రద్ధగా చూసింది.

వీరేష్ చిలుము వదిలే మందు చల్లి పిన్నులు గీకి, ప్లగ్గు బిగించాక రెండు అంకెలూ జోడెద్దుల్లా ఎక్కాయి, దిగాయి. "నీళ్ళు పెట్టె లోపలికి దిగలేదు గాబట్టి బతికిపోయినారు. ఇంగోసారి పోస్తే కర్నూలే గతి" అన్నాడు వీరేష్. మరునాడు బండి ఎత్తులన్నీ దాటి వేలానికి ముందే పత్తికొండలో నిలిచింది. మల్లమ్మ మళ్ళీ రామన్న ఊసెత్తలేదు.

అమావాస్య వచ్చింది. హులిగమ్మ టెంకాయ కొట్టి, నీళ్ళు చెంబులోకి ఒంపి మొగుడి చేతికిచ్చింది. "తాగు. తోలేటోని కడుపు సల్లగుంటే బండి సల్లగుంటాది. ఇదే అసలు పద్ధతి."

అతను తాగుతూ వీధి అవతలికి చూశాడు. లోడ్లన్నీ తన చేయి జారిపోయాయంటే అదంతా ఈ పూజ మహిమేనని రామన్నకు తోచినట్టుంది. కొత్త బండి తలుపు తీసి, లోపలికి వంగి, అచ్చం హులిగమ్మ చేసినట్టే పెడళ్ళ నెత్తిన నిండు చెంబు టెంకాయ నీళ్ళు పోస్తున్నాడు.

"సెప్పల్ల గదమ్మే?" అన్నాడు ఉరుకుందప్ప.

"గమ్మునుండు యో" అంది హులిగమ్మ. "ఒకరి భక్తికి అడ్డం పోగూడదు."