ఆరు కప్పుల్లో ఒకటి

పరుపును కంటితో చూసి బాగుందని చెప్పేవాళ్లను మేట్రన్‌గారు ఏనాడూ నమ్మలేదు. ముప్ఫై నాలుగేళ్లు ఆసుపత్రి వార్డుల మీద పెత్తనం చేసిన మనిషి ఆమె. ప్రతి శనివారం ఉదయం రోగులను కుర్చీల్లో కూర్చోబెట్టించి, ప్రతి పరుపునూ తలవైపు కాళ్లవైపుకూ, పైభాగం కిందికీ తిప్పించేవారు. కొత్త దుప్పటి పరిచేలోగా అరచెయ్యి ఆనించి చూసి, ఆ పడక మీద ఎవరు, ఎన్నాళ్లు, ఏ పక్కకు ఒత్తిగిలి పడుకున్నారో చెప్పేసేవారు. ఉద్యోగం ముగిసి నాలుగేళ్లయినా ఆ హోదా ఆమెను వదలలేదు. చుట్టాలు సైతం వరస పెట్టి పిలవడం మానేసి మేట్రన్‌గారనే అంటారు. అలా అననివాడు అక్క కొడుకు పండు ఒక్కడే. నలభై రెండేళ్ల వయసు, బట్టతల, చొక్కా గుండీలతో తగవు పడే బొజ్జ వచ్చినా అతను అందరికీ పండే. అతనికి ఆమె పిన్నే.

ఆ పండు మూడు వారాలుగా చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాడు.

"పిన్నీ, బ్యాంకులో నీ డబ్బు ఊరికే కూర్చుని ముసలిదైపోతోంది. ఓ ఫ్లాటు కొను, రోజువారీ అద్దెలకి ఇద్దాం. నెలకి పాతిక రోజులు నిండే ఇల్లు ఒకటి ఉంది. నువ్వు నిద్రపోతున్నా అది సంపాదిస్తూనే ఉంటుంది."

"అంత సంపాదించే ఇల్లు ఎవడైనా ఎందుకు అమ్ముతాడ్రా?"

"ఓనరుకి వేరే ఊళ్లో పని పడింది. దూరం నుంచి చూసుకోలేనంటున్నాడు."

జవాబు సాఫీగానే ఉంది. మేట్రన్‌గారికి నచ్చనిది ఆ సాఫీతనమే. తడుముకోకుండా జవాబు చెప్పిన రోగి పథ్యం తప్పాడనే అర్థమని ఆమె అనుభవం. అయినా వెళ్లి చూడడానికి ఒప్పుకున్నారు. అద్దె ఏటేటా పెరుగుతోంది, వడ్డీ ఏటేటా తరుగుతోంది. పెళ్లి లేదు, పిల్లలు లేరు. ఎవరి గుమ్మంలోనూ చెయ్యి చాపకుండా చివరిదాకా తన గదిలో తాను బతకడానికి, ఉద్యోగ విరమణనాడు అందిన ఆ మొత్తం తప్ప వేరే దిక్కు లేదు. ఈ బేరం వికటిస్తే ఏ బంధువు ఇంటి వెనుక గదిలోనో ఒదిగి ఉండవలసిందే. ఆ మాట తలచుకుంటేనే ఆమె నడుము నిటారుగా బిగుసుకునేది.

ఒప్పుకోవడానికి ఇంకో కారణమూ ఉంది. అక్క జబ్బుపడిన అయిదేళ్లూ పండు పెరిగింది ఆమె క్వార్టర్సులోనే. గోడ వారగా వేసిన అతని మంచం పక్కన ఆమె ఎన్నిసార్లు సున్నం వేయించారో లెక్క లేదు.

ఒక శనివారం ఉదయం పది గంటలకు ఇద్దరూ ఆ భవనం ముందు దిగారు. అయిదు అంతస్తులు, కింద మందుల దుకాణం, పక్కన బట్టలు ఉతికే దుకాణం. మేట్రన్‌గారి చేతిసంచిలో సంతకం చేసిన అడ్వాన్సు చెక్కు ఉంది. గేటు దగ్గరి కాపలాదారు లేచి నిలబడ్డాడు.

"సార్, మీ పాలు లోపల పెట్టించాను."

"గెస్టులకి పిన్నీ," అన్నాడు పండు లిఫ్టు మీట నొక్కుతూ. "సాయంత్రం దిగుతున్నారు. పొద్దున్న కాఫీకి పాలు లేకపోతే మార్కులు తగ్గించేస్తారు."

"గెస్టులవైతే 'మీ పాలు' అన్నాడేం?"

"వాడికి అందరివీ నా పాలే. రోజూ వచ్చి చూసుకునేది నేనే కదా."

మూడో అంతస్తులో తలుపుకు రెండు తాళాలు. పండు మాట ఆపకుండా, వాటివైపు చూడకుండానే మొదటిది తీశాడు. రెండోది తిప్పేముందు తలుపును భుజంతో కొద్దిగా పైకెత్తాడు. అది చూసి పోవడానికి వచ్చేవాడి భుజం కాదని మేట్రన్‌గారికి తోచింది.

లోపల అంతా అద్దంలా ఉంది. ముందుగదిలో సోఫా, గోడకు పడవ బొమ్మ, బల్ల మీద అతిథులు అభిప్రాయాలు రాసే పుస్తకం. పండు గది మధ్యలో నిలబడి వేళ్లు మడుస్తూ మొదలుపెట్టాడు.

"ఈ వ్యాపారం మీద రెండ్రోజుల క్లాసుకి వెళ్లాను పిన్నీ. ఇల్లు మన కంటితో కొనకూడదట. పెట్టె ఈడ్చుకుంటూ దిగినవాడి కంటితో కొనాలట. స్టేషను ఎంత దూరం, లిఫ్టు ఉందా, వేడినీళ్లు ఎంతసేపట్లో వస్తాయి, ఇవి చూడాలి. ఎవరేం అడిగినా గంటలో జవాబివ్వాలి. మంగళవారం రేటూ శనివారం రేటూ ఒకటి కాకూడదు. దుప్పట్లు తెల్లవే పరవాలి. తెలుపైతే మరక దాచడానికి వీల్లేదని వచ్చినవాడికి నమ్మకం."

"తెల్ల దుప్పటి గురించి నాకు పాఠం చెప్తున్నావా?"

"నీకు చెప్పేంతటివాణ్ణా? అందుకే, ఈ పని కోసమే పుట్టావంటున్నాను."

పొగడ్త వినగానే మేట్రన్‌గారు చేతిసంచి జిప్పు తడిమి చూసుకున్నారు. తరవాత పుస్తకం తెరిచారు. మొదటి మూడు పేజీల నిండా మెప్పులు. నాలుగో పేజీ నుంచి తెల్ల కాగితం.

"ఇప్పుడెవరు రాస్తున్నారు పిన్నీ! అందరూ ఫోన్లోనే కదా."

అదీ సబబుగానే ఉంది. ఆమె వంటింట్లోకి నడిచారు. అలమరలో ఆరు పళ్లేలు, ఆరు కప్పులు. అయిదు పళ్లేలు దుకాణం నుంచి అప్పుడే దిగినట్టు మెరుస్తున్నాయి. ఆరోదాని మీద చెంచా గీతలు అడ్డదిడ్డంగా పరుచుకున్నాయి. అయిదు కప్పులు తెల్లగా ఉన్నాయి. ఆరోదాని అడుగున ఎంత తోమినా పోని గోధుమరంగు వలయం ఉంది. నెలకు పాతిక రోజులు జంటలూ కుటుంబాలూ వచ్చిపోయే ఇంట్లో, అందరూ ఒకే కప్పు కోసం కొట్టుకుంటారా?

ఆమె ఆ కప్పును పట్టుకునే వెనక్కి తిరిగారు.

"నిజం చెప్పు. ఇందులో నీకెంత ముడుతోంది?"

"అదేంటి పిన్నీ?"

"ఆ ఓనరు నీకు కమీషను ఎంతిస్తానన్నాడు అంటున్నాను. సొంత పిన్ని దగ్గర దలాలీ తినేంత కరువొచ్చిందా?"

పండు ముఖం ఎర్రబడింది. "నీ మీద ఒట్టు. కమీషను అని ఒక్క పైసా నాకెవడూ ఇవ్వడు. నా మీద అంత అనుమానమైతే తాళం వేసేసి పోదాం పద."

ఆ కంఠంలో అబద్ధం లేదు. మేట్రన్‌గారు ఒక్క క్షణం మెత్తబడ్డారు. చేతుల మీద పెంచిన పిల్లవాణ్ణి దలాలీగాడిని చేశానే అని నొచ్చుకున్నారు కూడా. కానీ కప్పు ఇంకా చేతిలోనే ఉంది. మనిషి ఒట్టు నిజమే కావచ్చు, కప్పు మరక కూడా అబద్ధమాడదు కదా.

"సరే. ఓనరుకి ఫోన్ కలుపు, రెండు ముక్కలు మాట్లాడతాను."

"ప్రయాణంలో ఉన్నాడు. ఎత్తడు."

"ఎత్తడని మోగకముందే ఎలా తెలిసింది?"

పండు కిటికీ తెర సర్దడంలో మునిగిపోయాడు. ఆమె పడకగదిలోకి వెళ్లారు.

గోడ వారగా ఇద్దరు పట్టే మంచం. తెల్ల దుప్పటి, నాలుగు మూలలా ముడత లేకుండా, వార్డులో పరిచినట్టే పరిచి ఉంది. ఆ మడత తాను నేర్పిందే. ఆమె దాన్ని ఒక్క లాగు లాగేసి, పరుపు మీద అరచెయ్యి ఆనించారు. బయటి వైపు రాయిలా గట్టిగా, కొత్తగా ఉంది. గోడ వైపు భుజం నుంచి తుంటి దాకా పల్లం. ఇక్కడ నూరుమంది పడుకోలేదు. ఒక్కరు, ఒంటరిగా, దాదాపు ఏడాదిపాటు, అదే చోట పడుకున్నారు.

పరుపుకు జానెడు ఎత్తున, కాళ్లవైపు గోడ మీద, అరచేతంత మేర రంగు నలిగి జిడ్డుగా మెరుస్తోంది.

మేట్రన్‌గారు వంగి ఆ మచ్చను వేలితో రాసి చూశారు. క్వార్టర్సు గోడ, సున్నం బకెట్టు జ్ఞాపకం వచ్చాయి. తోచిన ఊహను ఆమె వెంటనే నమ్మలేదు. సొంత ఊహనైనా పరీక్ష చేయకుండా నమ్మడం ఆమెకు చేతకాదు.

"పండూ, ఓసారి ఇటు రా. ఇలా పడుకో."

"ఎందుకు పిన్నీ?"

"వచ్చేవాళ్లలో పొడుగువాళ్లుంటారు కదా. కాళ్లు చాలుతాయో లేదో చూడాలి."

అతను చెప్పులు విడిచి, బయటి అంచున, ఆపరేషనుకు తీసుకువెళ్లబోయే రోగిలా బిగుసుకుని పడుకున్నాడు.

"అంచున పడుకుని దొర్లిపడతావా? లోపలికి జరుగు."

అతను గోడ వైపు జరిగాడు. పల్లం అతణ్ణి అచ్చులో పోసినట్టు అందుకుంది. మేట్రన్‌గారు మంచం పక్కన కుర్చీ లాక్కుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"ఇంతకీ గెస్టులు రాని రోజుల్లో ఏం చెయ్యాలన్నారు మీ క్లాసులో?"

పండుకు ఆ ప్రశ్న నచ్చింది. "దానికి చాలా ఉపాయాలున్నాయి పిన్నీ. ఖాళీ వారానికి రేటు తగ్గించాలి, వారం మొత్తం తీసుకుంటే ఒక రోజు ఉచితం అనాలి. ఫోటోలు మార్చాలి, పగటి వెలుగులో తియ్యాలి..." చెబుతున్నకొద్దీ అతని చూపు పైకప్పుకు చేరింది, చెయ్యి తల కిందికి పోయింది. ఎడమ కాలు తనంతట తాను లేచి గోడెక్కింది. మడమ అటూ ఇటూ వెతుక్కోకుండా, సరిగ్గా ఆ మచ్చ మీద కుదురుకుంది.

"...మళ్లీ వచ్చినవాళ్లకైతే ఇంకాస్త తగ్గించి..." అంటూ అతను పక్కకు చూశాడు. పిన్ని తన ముఖం వైపు చూడడం లేదు. ఆమె చూపు ఎక్కడుందో గ్రహించి మాట మింగేశాడు. కాలు మాత్రం దించడం మరిచిపోయాడు.

"ఓనరుగారు ప్రయాణం నుంచి వచ్చేసినట్టున్నారే," అన్నారు మేట్రన్‌గారు.

పండు పైకప్పుకే చెప్పుకున్నట్టు మొదలుపెట్టాడు. "మొదటి మూడు నెలలు నిజంగానే నిండింది పిన్నీ. ఆ పుస్తకంలోవి దొంగ రాతలు కావు. తర్వాత స్టేషను ఎదురుగా ముప్ఫై గదుల లాడ్జి పడింది. నేను ఇక్కడ రేటు తగ్గిస్తే వాడు అక్కడ ఇంకా తగ్గించాడు. అక్కడ నా గది అద్దే, ఇక్కడ దీని అప్పు కంతులూ కట్టలేక, గది ఖాళీ చేసి ఇక్కడికే వచ్చేశాను, ఏడాది కావస్తోంది. ఎవరైనా దిగితే ఆ పూటకి నా పెట్టె కాపలావాడి దగ్గర పెట్టి, స్టేషను బెంచీ మీద పడుకునేవాణ్ణి. గడిచిన నాలుగు నెలల్లోనైతే బెంచీ ఎక్కింది అయిదు రోజులే."

"అప్పుడే నాతో ఎందుకు చెప్పలేదు?"

"నిన్ను ముంచాలని కాదు పిన్నీ, నీ చేతిలో పడితే బాగుపడుతుందనే... నిజంగా అలాగే అనుకున్నాను."

అందులో ఎంత నిజమో, ఎంత తనకు తాను చెప్పుకున్నదో మేట్రన్‌గారు తేల్చుకోలేకపోయారు. తేల్చుకునే ప్రయత్నమూ చేయలేదు. లేచి కొంగు నడుముకు దోపారు.

"లే. ఆ కొస పట్టుకో. ఇవాళ శనివారం."

ఇద్దరూ కలిసి పరుపును తిరగేశారు, తలవైపు కాళ్లవైపుకు మార్చారు. పండుకు రొప్పు వచ్చింది, ఆమెకు రాలేదు.

"నేను కొనను," అన్నారు దుప్పటి మూల మడుస్తూ. "రోజువారీ అద్దెల ఇల్లని చెప్పి ఎవరికీ అంటగట్టకు. కాపురం ఉండేవాళ్లకి అమ్ము. ప్రకటన నేను చెప్తాను, రాసుకో. ఒక మనిషి ఏడాదిగా ఉంటున్న ఇల్లు. రెండో తాళం తియ్యాలంటే తలుపు ఎత్తాలి. నిద్ర బాగా పడుతుంది."

"అలా రాస్తే ఎవరు కొంటారు?"

"ఇల్లు కావలసినవాళ్లు. చూడ్డానికి వస్తే ముందు ఆ గోడ చూపించు. సున్నం వెయ్యకు."

"మరి అమ్ముడయ్యేదాకా కంతులు పిన్నీ..."

"ముందు కాగితాలు పట్టుకురా, అప్పుడు మాట్లాడదాం. అన్నీ తేవాలి, నువ్వు చూపిద్దామనుకున్నవే కాదు."

అతను తలుపును భుజంతో ఎత్తి రెండు తాళాలూ వేశాడు. లిఫ్టులో ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. రెండో అంతస్తు దాటుతుండగా మేట్రన్‌గారి చెయ్యి, ఆమె చెప్పకుండానే, చేతిసంచి జిప్పు మీదికి పోయింది. పండు అది చూశాడు. చూసినట్టు ఆమెకూ తెలిసింది. అయినా ఆమె చెయ్యి తీయలేదు.